బూడిద అంటని పురుగులు

రాజు కోటలోనూ పెత్తందారు ఊళ్లోనూ ఏలిన రోజుల్లో, కొండపాలెంలో నూకాలమ్మ అనే ముసలమ్మ పెరట్లో వంగ, చిక్కుడు వేసుకుని బతికేది. తెల్లవారగానే పురుగు పట్టకుండా మొక్కలన్నిటికీ పొయ్యి బూడిద చల్లేది. పక్క తోట పెత్తందారు జగ్గప్పనాయుడిది. ఆయన ఏనాడూ ఆకు తిప్పి చూసిన పాపాన పోలేదు. ఆ తోటకు పురుగు పట్టింది.

"నీ పురుగులే నా తోట మేశాయి. పశువు మేస్తే ఏ కట్టుబాటో దీనికీ అదే. నష్టానికి బదులు నీ పెరడు పీకించేస్తాను" అన్నాడు నాయుడు రచ్చబండ దగ్గర.

"అలాగే బాబూ. మరి చేలో పడ్డ పశువును పట్టి బందెలదొడ్డికి తోలాలి కదా. తోలించండి. ఆనవాలు చూసి, నావైతే ఒప్పుకుంటాను" అంది నూకాలమ్మ.

ఊరంతా వింటోంది. తానన్న కట్టుబాటే కాబట్టి నాయుడు పాలేర్లను తోటలోకి దింపాడు. వాళ్లు ఆకు ఆకూ తిప్పి, మధ్యాహ్నానికి రెండు కుండల పురుగులు ఏరి దొడ్డికి తెచ్చారు. నూకాలమ్మ వాటిని నల్ల గొంగడి మీద పోయించి, దులిపించింది. గొంగడి నల్లగానే ఉంది.

"నా పెరట్లోంచి వస్తే ఒంటినిండా బూడిద ఉండాలి బాబూ. ఇవి తమరు పెంచుకున్నవే, తోలుకుపొండి. రేపు నా చిక్కుడు మీద పడ్డాయో, నేనూ దొడ్డికి తోలిస్తాను."

ఆ ఏడు నూకాలమ్మ పెరడు పచ్చగా ఉంది. నాయుడి తోటా విరగకాసింది. ఎలాగని అడిగితే మాత్రం ఆయన మాట మార్చేవాడు.