ఆకాశానికి కట్టిన చేంతాడు

ఎక్కు ఎక్కు చుక్కల మెట్టు
ఎక్కిన పిల్లకి వెన్నెల బొట్టు
మబ్బుల మంచం, మెరుపుల పట్టు
దిగు దిగు...

ఈ ‘దిగు దిగు’ తర్వాత ఏముందో నాంచారమ్మకి ఎంత తన్నుకున్నా గుర్తు రాదు. పరికిణీలు కట్టుకునే రోజుల్లో వేరుశనగ కాయలు వలుస్తూ పాడుకున్న పాట. ఎక్కడం వరకూ గడగడా వచ్చేస్తుంది. దిగడం దగ్గర నోరు ఆగిపోతుంది. ఇన్నేళ్ళూ దానివల్ల ఏ ఇబ్బందీ లేకపోయింది. ఎందుకంటే పెసలపాడులో ఇన్నేళ్ళూ ఎవరూ అంత పైకి ఎక్కలేదు.

నాంచారమ్మది తెలివైన కుటుంబం. ఆ మాట ఎవరో ముఖస్తుతికి అన్నది కాదు, ఇంటి గోడ మీదే రాసి ఉంది. అరవై రెండో ఏట పెద్దవాళ్ళ బడికి వెళ్ళి అక్షరాలు దిద్దుకున్న నాంచారమ్మ సుద్దముక్కతో మొట్టమొదట రాసింది అదే: ‘తెలివైనవారి ఇల్లు’. కొడుకు పోతురాజు చూసి, "రాసేశావా అమ్మా? అయితే ఇంక అనుమానం లేదు" అన్నాడు. కోడలు వరహాలు ఆ రోజు నుంచి తలెత్తుకునే నడిచింది. గడప తట్టుకుని రెండుసార్లు పడింది కూడా.

అక్షరమంటే నాంచారమ్మకి ఎంత ఆశ్చర్యమో చెప్పలేం. నాలుగు వంకర గీతలు గీస్తే అందులోంచి మనిషి పేరు పలకడమేమిటి! అందుకని తలుపు మీద ‘తలుపు’ అని రాసింది, కుండ మీద ‘కుండ’ అని రాసింది, ఉప్పు డబ్బా మీద పొరపాటున ‘పంచదార’ అని రాసింది. ఇంకేముంది, ఏడాదిగా ఆ ఇంట్లో ఉప్పు కాఫీయే. పోతురాజు గుక్కెడు తాగి, మొహం అష్టవంకర్లు తిప్పి, డబ్బా వైపు ఒకసారి చూసి, "తియ్యగానే ఉందిలే" అంటాడు.

ఆ ఇంట్లో బెంగంతా పోతురాజు కూతురు రోహిణి గురించే. పదమూడేళ్ళ పిల్ల. డబ్బా మీద ఏం రాసుందో చూడకుండా వేలు ముంచి నాకి చూసే అలవాటు దానికి. "దీనికి మన తెలివి రాలేదత్తయ్యా" అని వరహాలు కళ్ళొత్తుకునేది.

అలాంటి పిల్లకి ఒకరోజు ఉత్తరం వచ్చింది. బడిలో పెట్టిన పరీక్షలో నెగ్గిందట. సముద్రం ఒడ్డున అంతరిక్ష విద్యా శిబిరం జరుగుతోంది, మూడు రోజులు, రమ్మన్నారు. నాంచారమ్మ ఉత్తరాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ వేలితో పట్టుకుని మరీ చదివింది.

"అంతరిక్షం అంటే ఆకాశం. శిబిరం అంటే డేరా. ఆకాశంలో డేరా వేశారర్రా!"

"మరి గుంజలు దేంట్లో పాతారే?" అన్నాడు పోతురాజు.

"మబ్బులో. మబ్బు మెత్తగా ఉంటుంది, గునపం కూడా అక్కర్లేదు."

"గొడుగు పెట్టనా అత్తయ్యా?"

"పిచ్చిదానా! వాన కిందికే కదా పడేది, పైకెందుకు పడుతుంది?"

అందరూ నాంచారమ్మ తెలివికి మురిసిపోయారు. రోహిణి మాత్రం, "నాయనమ్మా, శిబిరం నేల మీదే. సైన్సు మాస్టర్లు పాఠాలు చెబుతారు. చివరి రోజు ఎవరి రాకెట్టు వాళ్ళం చేసి ఎగరేస్తాం. నాకది ఎగరెయ్యాలనుంది, అంతే!" అంది.

‘ఎగరేస్తాం’ అన్న మాట వినగానే నాంచారమ్మకి, పిల్లనే ఎగరేస్తారని అర్థమైంది. ఉత్తరంలో మళ్ళీ వెతికింది. శనివారం పొద్దున పది గంటలకి గేటు మూస్తారని ఉంది. అంతరిక్షంలో బరువు ఉండదన్న సంగతి నేర్పుతారని ఉంది. సోమవారం సాయంత్రం నాలుగింటికి పిల్లల్ని తీసుకుపొమ్మని ఉంది. కిందికి ఎలా దింపుతారన్నది మాత్రం ఎక్కడా లేదు. అచ్చం ఆ పాటలాగే!

"ఎక్కడం సరే, దిగడం ఎలాగరా?" అంది బిక్కమొహంతో.

పోతురాజు ఆలోచించాడు. "బావిలో బిందెని ఎలా తీసుకుంటాం? తాడుతో లాగి. పిల్లనీ అంతే."

వీధిలో ఉన్న చేంతాళ్ళన్నీ అడిగి తెచ్చి ముడేశారు. ఒక కొస రోహిణి నడుముకి కట్టారు. ఆ పిల్ల వద్దని మొత్తుకుంది గానీ, కట్టించుకోకపోతే అసలు పంపరని అర్థమై ఊరుకుంది. రెండో కొస దేనికి కట్టాలి? "రుబ్బురోలుకి" అంది వరహాలు. "అంత బరువు ఎవరు మోస్తారే?" అన్నాడు పోతురాజు. "బరువే ఉండని చోటికి పోతూ బరువుకి భయపడతారా?" అంది వరహాలు. నిజమే కదా! అలాగైతే ఇనప్పెట్టె ఎందుకు మానాలి, తిరగలి ఎందుకు మానాలి? అన్నీ తాడు కొసకి కట్టి బస్సెక్కించారు.

కండక్టరు నెత్తి కొట్టుకున్నాడు. "ఏందయ్యా ఇదంతా? సంసారం మారుస్తున్నారా?"

"అక్కడికెళ్ళాక దీనికి బరువుండదండీ."

"ఇప్పుడుంది కదయ్యా!"

"ఇప్పుడు మనం ఇక్కడే ఉన్నాం కదండీ" అన్నాడు పోతురాజు ఓపిగ్గా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

కండక్టరు టిక్కెట్లు చించి ఇచ్చాడు. "సరే, కూర్చోండి. మీ స్టాపు రాగానే నేనే చెబుతా. నేను చెప్పేదాకా ఎవరూ లేవకండి" అన్నాడు. అంతే, పెద్దవాళ్ళు ముగ్గురూ బొమ్మల్లా బిగుసుకుపోయారు. దారిలో ఒక ఊళ్ళో ఆ కండక్టరు డ్యూటీ దిగిపోయాడు, ఇంకొకడు ఎక్కాడు. ఆ సంగతి మనవాళ్ళు చూడలేదు. మెడ తిప్పితే కదిలినట్టవుతుందని భయం.

తొమ్మిదిన్నరకి కొత్త కండక్టరు, "శిబిరం గేటు! దిగేవాళ్ళు దిగండి!" అని అరిచాడు.

"నాన్నా, మనదే!" అని రోహిణి లేచింది.

"కూర్చో. ఆయన చెప్పలేదుగా."

"ఆయన ఎప్పుడో దిగిపోయాడు నాన్నా!"

"అయితే ఆయన వచ్చి చెప్పాకే దిగుదాం."

రోహిణి ఇంక ఆగలేక చెంగున దూకింది. బస్సు కదిలింది. చేంతాడు చుట్టలు చుట్టలుగా విప్పుకుంటోంది. రుబ్బురోలు బస్సులో, పిల్ల రోడ్డు మీద! ఇంకేముంది, బస్సు వెనకాల పరుగో పరుగు. కండక్టరు చూసి కీచుమని ఈల వేశాడు కాబట్టి సరిపోయింది. రోహిణి రొప్పుతూ ఎక్కి బతిమాలింది, కండక్టరు తిట్టాడు, డ్రైవరు దణ్ణం పెట్టాడు. ముగ్గురిలో ఒక్కరూ లేవలేదు. గడియారం చూస్తే పదికి పావు తక్కువ. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడేమనుకుందో ఏమో, సంచిలోంచి పెన్ను తీసి, టిక్కెట్టు వెనక ఏదో రాసి నాయనమ్మ చేతిలో పెట్టింది.

"ది... గం... డి" అని చదివింది నాంచారమ్మ. "ఒరే, దిగండి అని రాసుందిరా! ముందే రాసివ్వొచ్చు కదా ఈ మనుషులు!"

అంతే, ముగ్గురూ సామానుతో సహా టపటపా దిగారు. నాంచారమ్మ ఆ టిక్కెట్టుని పారెయ్యలేదు, బొడ్లో దోపుకుంది. అంత పని చేసిన అక్షరాలు కదా.

గేటు మూతపడబోతుంటే రోహిణి లోపలికి దూరింది. నడుముకున్న తాడు కూడా గేటు కింద నుంచి లోపలికి పాకింది. పెద్దవాళ్ళు లోపలికి రాకూడదన్నాడు కాపలాదారు మస్తానయ్య. రుబ్బురోలు గేటు బయటే ఉండిపోయింది. పోతురాజు ఎత్తి చూసి, "ఇంకా బరువుగానే ఉందే. అంతరిక్షం గేటు అవతల నుంచి కాబోలు" అన్నాడు.

మూడు రోజులూ గేటు ఎదురుగా టీ కొట్టు పంచనే మకాం. గంటకొకసారి నాంచారమ్మ తాడు లాగి చూసేది. అటు నుంచి గట్టిగా బిగుసుకునేది. "ఉందర్రా. పాఠం వింటున్నట్టుంది" అనేది. మళ్ళీ గంటకి, "కాస్త సాగింది. అన్నం తిన్నట్టుంది" అనేది.

నిజానికి రోహిణి లోపలికి వెళ్ళిన పావుగంటలోనే తాడు విప్పేసుకుంది. వదిలేస్తే వీళ్ళు గోల చేస్తారని, గుమ్మం దగ్గరున్న ఒక బొమ్మకి కట్టింది. రోదసిలోకి వెళ్ళేవాళ్ళు తొడుక్కునే తెల్లటి దుస్తులు వేసి, తలకి నల్లద్దం టోపీ పెట్టి, చక్రాల బల్ల మీద నిలబెట్టిన మనిషంత బొమ్మ అది.

సోమవారం నాలుగు కావస్తోంది. ప్రహరీ అవతల నుంచి సుయ్యిమని చప్పుడు వచ్చింది. అట్టతో చేసిన రాకెట్టొకటి నిట్టనిలువుగా లేచింది. దాని ఒంటి మీద ఎర్రరంగుతో పెద్ద పెద్ద అక్షరాలు. అందరూ నోరు తెరిచి చూస్తున్నారు గానీ, చదివింది మాత్రం నాంచారమ్మే.

"రో... హి... ణి." ఆవిడ ఎగిరి లేచింది. "ఓరి నాయనో! మన పిల్లేరా! పేరు కూడా రాసుంది! పోతోందిరా పైకి!"

"లాగండి!" అని అరిచాడు పోతురాజు. ముగ్గురూ తాడు పట్టుకున్నారు.

"పాట పాడండత్తయ్యా, పాట!"

"నాకు ఎక్కే పాటే వచ్చు కదే! అది పాడితే ఇంకా పైకి పోతుంది!"

"కింది చరణం నుంచి పైకి పాడు. దిగే పాట అవుతుంది" అన్నాడు పోతురాజు.

ఎంత తెలివి! "మెరుపుల పట్టు, మబ్బుల మంచం... వెన్నెల బొట్టు, ఎక్కిన పిల్లకి..." అని పాడుతూ లాగుతున్నారు. నాంచారమ్మకి అదీ చాల్లేదు. బొడ్లోంచి టిక్కెట్టు తీసి ఆకాశానికేసి ఎత్తి పట్టుకుంది. ‘దిగండి’ అని రాసి ఉన్న వైపే.

రాకెట్టు ఒక్క క్షణం ఆగింది. దాని వీపులోంచి చిన్న గొడుగులాంటిది విచ్చుకుంది. మెల్లగా, ఊగుతూ ఊగుతూ దిగడం మొదలెట్టింది.

"చదివిందిరా!" అని ఏడ్చేసింది నాంచారమ్మ. "అంత పై నుంచి కూడా చదివింది నా తల్లి! గొడుగు పెట్టకపోతే తనే సంపాదించుకుంది!"

రాకెట్టు ప్రహరీ అవతల దిగింది. వీళ్ళు తాడు లాగడం ఆపలేదు. పిల్లల్ని పంపడానికి మస్తానయ్య గేటు తెరిచాడో లేదో, గడగడా చక్రాల మీద దొర్లుకుంటూ తెల్లబొమ్మ బయటికి వచ్చి వాళ్ళ ముందు నిలబడింది.

వరహాలు గబగబా ఎర్రనీళ్ళు కలిపి దిష్టి తీసింది. పోతురాజు, "బాగా ఒళ్ళు చేసిందే. తిండి బాగానే పెట్టినట్టున్నారు" అన్నాడు. నాంచారమ్మ దగ్గరికి వెళ్ళి ఆ నల్లద్దంలోకి తొంగి చూసింది. లోపల నుంచి ముడతలు పడ్డ మొహం, ముగ్గుబుట్ట తల, తడికళ్ళు ఆవిడనే చూస్తున్నాయి.

"అయ్యో నా తల్లీ! మూడు రోజుల్లో ఎంత ముసలిదానివైపోయావే! అచ్చం నాలాగే అయిపోయావే!"

వాటేసుకోబోయింది. బొమ్మ మెడలో చిన్న అట్ట వేలాడుతోంది. చదివింది. "తా... క... రా... దు." చేతులు గాల్లోనే ఆగిపోయాయి. మూడు రోజులు తాడు పట్టుకుని కాసుకున్నది, తీరా వస్తే మనవరాల్ని ముట్టుకోకూడదట! నాంచారమ్మ అక్కడే నేల మీద కూలబడి, ఆ బొమ్మ బూట్లకి బెత్తెడు దూరంలో చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"నాయనమ్మా! నా రాకెట్టు చూశావా? అందరికంటే పైకి వెళ్ళింది!"

రోహిణి పరిగెత్తుకుంటూ వచ్చింది. వేళ్ళనిండా ఎర్రరంగే. నాంచారమ్మ తలెత్తి చూసింది. "ఎవరి పిల్లవమ్మా నువ్వు? మా రోహిణి కూడా చిన్నప్పుడు నీలాగే ఉండేది."

"నేనే రోహిణిని!"

"తాడు దానికుంది కదమ్మా" అన్నాడు పోతురాజు మర్యాదగా. "పోనీలే, నువ్వూ బాగానే ఉన్నావు."

రోహిణి నడుం మీద చేతులు పెట్టుకుని తల్లిని చూసింది, తండ్రిని చూసింది. మాటలతో అయ్యేపని కాదని దానికి తెలుసు. పెన్ను తీసి అరచేతిలో పెద్దగా రాసుకుని నాయనమ్మ కళ్ళ ముందు పెట్టింది.

"రో... హి... ణి." నాంచారమ్మ ఆ చెయ్యి పట్టుకుని లేచింది. "మా పిల్లేరా! రాసుంది!"

వాటేసుకుని, బుగ్గలు నిమిరి, మెటికలు విరిచింది. మస్తానయ్య నవ్వలేక చస్తూ బొమ్మని లోపలికి నెట్టుకుపోతుంటే, "జాగ్రత్త నాయనా, ముసలిప్రాణం" అని చెప్పింది కూడా.

తిరుగు బస్సులో వరహాలు పులిహోర పొట్లం విప్పింది. రోహిణి కిటికీలోంచి చేతులు రెండూ బయటపెట్టి, సీసాలో నీళ్ళతో రంగు పోయేలా శుభ్రంగా కడుక్కుని, తిని, మళ్ళీ కడుక్కుంది. రాకెట్టు కబుర్లు చెబుతూనే ఉంది. నాంచారమ్మకి ఆ పేరు ఇంకొక్కసారి చదువుకోవాలనిపించింది. ముద్దుగా పేరు రాసిన చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, వేలు పెట్టి చదవబోయింది.

చేతిలో ఏమీ లేదు. ఖాళీ.

"పోతురాజూ!" అని కేక పెట్టింది. "బస్సాపించరా! మన పిల్ల పోయిందిరా! ఇదెవరో పక్కన కూర్చుని మన పులిహోరంతా తినేసింది!"

పోతురాజు లేచాడు, వరహాలు శోకాలు మొదలెట్టింది, వెనక సీట్లో రుబ్బురోలు దొర్లింది. రోహిణి మాత్రం కంగారు పడలేదు. పెన్ను తీసి, నాంచారమ్మ చేతిని తన ఒళ్ళోకి లాక్కుంది.

"కదలకు నాయనమ్మా, ఈసారి నీ చేతి మీద రాస్తాను, ‘రోహిణి వాళ్ళ నాయనమ్మ’ అని. నేనెవరో ఇంటికెళ్ళి తీరిగ్గా తేల్చుకుందాం, ముందు నువ్వు తప్పిపోకుండా ఉండాలి."