ముళ్లపంది అల్లిన గంట గొలుసు

తీగలమెట్ట అడవిలో ఒక ముళ్లపంది, ఒక కొండముచ్చు, ఒక కాకి, ఒక తల్లి అడవిదున్న ఉండేవి. తల్లిదున్నకు ఒక దూడ. పుట్టుకతోనే దానికి చూపు లేదు. మెడలో ఇత్తడి గంట ఉండేది కనుక దాన్ని అందరూ గంటాలు అని పిలిచేవారు.

గంట మోగినంతసేపూ తల్లికి ధైర్యం. మోత ఆగిందా, ప్రాణం గిలగిల్లాడేది. ఎందుకంటే మెట్టకు పడమటి పక్క లోతైన వాగు ఉంది. ఆ వాగులో చిరుతపులి ఉంది.

ఇన్నాళ్లూ గంటను అడవి తీగతో కట్టేవారు. ఎండల్లో అది గట్టిగానే ఉండేది. వానల్లో కుళ్లి తెగేది. పోయిన ఏడు రెండుసార్లు తెగింది. రెండోసారి గంటాలు వాగు అంచున దొరికింది. చిరుత అప్పటికే ఒడ్డెక్కుతోంది.

"ఈసారి కుళ్లని గొలుసు కావాలి. వానలు పడేలోపే కావాలి," అంది తల్లిదున్న.

కాకి ఎగిరి వెళ్లి అడవి అంచున పాడుపడ్డ కంచె దగ్గర తీగముక్కలు ఏరుకొచ్చింది. మూడు రకాలు తెచ్చింది. లావుపాటి కంచె తీగ ఒకటి. దారంలా సన్నగా, తళతళలాడే రాగి తీగ ఒకటి. లావూ సన్నమూ కాని నడిమి రకం తీగ ఒకటి.

"ఇది నా పని. ఈ అడవిలో సరైన వేళ్లున్నది నాకొక్కడికే," అన్నాడు కొండముచ్చు.

"నేనూ అల్లుతాను," అంది ముళ్లపంది.

కొండముచ్చు కొమ్మ మీంచి జారిపడేంత నవ్వాడు. "ఒళ్లంతా ముళ్లేసుకుని నువ్వు నగలు చేస్తావా ముళ్లక్కా?"

"నీ వేళ్లు పేలు ఏరడానికి బాగానే ఉన్నాయి తమ్ముడూ. గొలుసు అల్లడానికి పనికొస్తాయో లేదో వానొచ్చాక చూద్దాం."

కొండముచ్చు రాగి తీగ తీసుకున్నాడు. దాన్ని తన తోక చుట్టూ చుట్టి పెద్ద పెద్ద ఉంగరాలు తెంపాడు. ఒకదానిలో ఒకటి తగిలించాడు. పొద్దు వాలకముందే గొలుసు తయారైంది. గంటాలు మెడలో అది ఎండకు మెరిసిపోయింది. "అబ్బో, ఏం పనితనం!" అంది కాకి. కొండముచ్చు ఛాతీ రెండింతలైంది.

ముళ్లపందికి తన గొలుసు మీదే ధ్యాస. ఒంటి మీది ముల్లొకటి పీకింది. లావు తీగ అయితే గట్టిగా ఉంటుందనుకుంది. దాన్ని ముల్లు చుట్టూ చుట్టి, పళ్లతో కొరికి ఉంగరాలు చేసింది. గట్టిదనం కోసం రెండేసి ఉంగరాల్లో మరో రెండేసి దూర్చాలనుకుంది. మొదటి జతలో రెండో జత దూరింది. రెండో జతలో మూడో జత దూరలేదు. నెట్టింది, తన్నింది, తిట్టింది. దూరలేదు.

ఈసారి రాగి తీగను అదే ముల్లుకు చుట్టింది. ఉంగరాలు సులువుగా దూరాయి. కానీ గొలుసు వదులు వదులుగా వేలాడింది. కాలితో ఒక్క లాగు లాగితే ఉంగరాలు నోళ్లు తెరిచాయి.

"మూడు రోజులైంది ముళ్లక్కా. పళ్లు అరిగాయి, గొలుసేది?" అంది కాకి.

"పళ్లు నావి. అరిగితే మళ్లీ పెరుగుతాయి. ఆ ముక్కు మూసుకుని ఇంకాస్త తీగ పట్రా."

కాకి వెళ్లాక ముళ్లపంది రెండు రకాల ఉంగరాలనూ పక్కపక్కన పెట్టి చూసింది. బయటినుంచి చూస్తే లావు తీగ ఉంగరమే పెద్దది. లోపల ముల్లు దూర్చి చూస్తే రెండింటిలోనూ ఖాళీ ఒక్కటే.

"ఓసి నా తెలివి తెల్లారా! ఇల్లు అదే, వచ్చే చుట్టాలే లావు!" అని తల కొట్టుకుంది. "ఇన్నాళ్లూ ఉంగరాన్ని బయట చూశాను. చూడాల్సింది లోపలి చోటు."

అప్పుడు లెక్క వేసుకుంది. ప్రతి ఉంగరంలోనూ ఈ వైపునుంచి రెండు, ఆ వైపునుంచి రెండు, మొత్తం నాలుగు ఉంగరాలు దూరాలి. అంటే నాలుగు తీగలు ఆనించి పెడితే ముల్లంత వెడల్పు రావాలి. లావు తీగ ముక్కలు నాలుగు పేర్చింది. రెండు ముళ్లంత వెడల్పు వచ్చింది. రాగి తీగ ముక్కలు నాలుగు పేర్చింది. ముల్లులో సగం కూడా రాలేదు. నడిమి తీగ ముక్కలు నాలుగు పేర్చింది. సరిగ్గా ముల్లంత, వెంట్రుకవాసి తక్కువ!

ఇక ముళ్లపంది తల ఎత్తలేదు. నడిమి తీగ చుట్టింది, కొరికింది. ఉంగరం రెండు కొసలనూ ఎడంగా లాగకుండా, ఒకదాన్ని పక్కకు తిప్పి తెరిచింది. మళ్లీ పక్కకే తిప్పి, కొసకు కొస ఆనేలా మూసింది. జత వెనక జత అల్లుకుపోయింది.

చివరి జత మూస్తుండగా మొదటి వాన పడింది.

ఆ వానలో గంటాలు పరికి కంప పక్కగా నడిచింది. ముల్లు గొలుసుకు తగులుకుంది. దూడ మెడ విదిలించింది. రాగి ఉంగరం నోరు తెరిచింది. గంట దొర్లి దొర్లి వాగు గట్టు కింద పడింది.

మోత ఆగిపోయింది.

"గంటాలూ!" అని తల్లిదున్న కేక వేసింది. వాన హోరులో ఆ కేక దూడకు వినపడలేదు. అది తడుముకుంటూ వాగువైపే నడిచింది.

ముళ్లపంది బొరియ వాగు అంచునే ఉంది. దూడ ఒంటరిగా రావడం చూసింది. దాని వెనక పొదలో మచ్చల ఒళ్లు కదలడమూ చూసింది. వెంటనే ఒళ్లు విదిలించింది. ముళ్లన్నీ గలగలలాడాయి. గంట మోతకు అలవాటుపడ్డ దూడ ఆ గలగలవైపు చెవులు తిప్పి, నేరుగా నడిచి వచ్చింది.

చిరుత పొదలోంచి బయటికి వచ్చింది. ముళ్లపంది దూడకు అడ్డంగా నిలబడి, వీపు తిప్పి, ముళ్లు నిక్కబొడిచింది.

"రా నాయనా, రా. ముక్కు నిండా దక్షిణ పెట్టి పంపిస్తాను."

చిరుత ఒక్క క్షణం చూసింది. ముక్కు మీద ఆశ వదులుకోలేక వెనక్కి తిరిగింది.

తల్లిదున్న రొప్పుతూ వచ్చి దూడను నాకింది. కొండముచ్చు, కాకి కూడా వచ్చారు. తల్లిదున్న కొండముచ్చువైపు కొమ్ములు వంచింది. "గంట పట్టుకురా," అంది. అంతే అంది.

గంట పడినచోట దురదగొండి గుబురుగా పెరిగి ఉంది. కొండముచ్చు దాంట్లో దిగి గంట తెచ్చాడు. ఎనిమిది రోజులు ఆ వేళ్లకు గోక్కోవడం తప్ప మరో పని లేకపోయింది.

ముళ్లపంది గంటను తన గొలుసుకు తగిలించి దూడ మెడలో వేసింది. ఆ వానాకాలం గంటాలు అదే పరికి కంపకు మూడుసార్లు తగులుకుంది. మూడుసార్లూ కొమ్మే విరిగింది.

"ముళ్లక్కా, ఆ కొలత నాకూ చెప్పవా?" అని కొండముచ్చు గోక్కుంటూ వచ్చి అడిగాడు.

"చెప్తాను. ముందు ఆ తోక పక్కన పెట్టి, నాలుగు తీగముక్కలు పేర్చు," అంది ముళ్లపంది.

నీతి: పైమెరుపు చూసి మురిసిన పని ఒక్క లాగుకు ఊడుతుంది, తప్పి తప్పి కొలత పట్టుకున్న పని కాలానికి నిలుస్తుంది.