కూలనన్న సత్రం

ఏ రాజు కాలమో నాకూ తెలీదుగానీ, చిల్లవంచ ఊళ్లో పాత రాతిసత్రం ఒకటి ఉండేది. కప్పు కారడంతో బాటసారులు ఆగడం మానేశారు. సంత ఎత్తిపోయింది, ఊరు సగం ఖాళీ అయింది. బాగుచేయించమని ఊరివాళ్లు మొరపెట్టుకుంటే దివాను అడ్డుపడ్డాడు. ఆ రాళ్లు తన కొత్త మేడకు కావాలి మరి!

“నేడో రేపో కూలుతుంది ప్రభూ. ఎవరి నెత్తినో పడకముందే పడగొట్టిద్దాం,” అన్నాడు.

రాజు సరేనన్నాడు. నలభైమంది గునపాలతో దిగితే మూడోనాటికి ఒక్క రాయి ఊడింది. దివాను ఇంకో వందమందిని అడిగేసరికి, సంగతేమిటో చూద్దామని రాజే వచ్చాడు.

సున్నం నూరే గవరమ్మ చేతులు దులుపుకుంటూ ముందుకొచ్చింది. “వందమందెందుకు దొరా? దానంతటదే పడుతుందన్నారుగా దివానుగారు! వీళ్లే అడ్డంగా ఉన్నారేమో, పక్కకు రమ్మనండి.”

రాజుకు నవ్వాగలేదు. “వీళ్లనేం చేయమంటావే?”

“కప్పు మీదికి పంపండి. కారేది అక్కడే. సున్నం నేను నూరిస్తాను.”

ఆ వానాకాలం ఉప్పుబండ్లు సత్రం దగ్గరే ఆగాయి, వాటి వెనకే సంతా వచ్చింది. ఒకనాడు జడివానలో దివాను పల్లకీ కూడా ఆగింది. ఆయన గుమ్మంలో తటపటాయిస్తుంటే గవరమ్మ పిలిచింది.

“లోపలికి రండి బాబూ! వాన వెలిసేదాకా కూలకుండా మేం పట్టుకుంటాంలెండి.”