నాగభూషణం ఎత్తుకెళ్లిన ఆకుపచ్చ గులాబీ

గులాబీల గురించి మాట్లాడే అర్హత నాకు లేదని మా ఆవిడ అంటుంది. నిజమే. నల్ల గులాబీ అని నేను మోసుకొచ్చి నాటింది ఊళ్లో అందరి ఇంట్లోనూ ఉండే రంగులోనే పూసింది. నీలం గులాబీ అన్నది అసలు పూయనేలేదు. చారల గులాబీకి చారలైతే వచ్చాయి గానీ, పూలకి కాదు, ఆకులకి. అదీ తెగులు వల్ల. అందుకని నా తోట సంగతి వదిలేసి, నాకంటే బాగా గులాబీలు పెంచిన ఒక నక్క సంగతి చెబుతాను. నాకంటే బాగా అంటే పెద్ద గొప్పేమీ కాదని మీరీపాటికి గ్రహించే ఉంటారు.

ఏటి ఒడ్డున రేగులమిట్ట అని ఒక మెరక. అక్కడ జంతువులన్నిటికీ ఇళ్లున్నాయి, ఇంటింటికీ పెరడుంది, పెరటి నిండా గులాబీలున్నాయి. పులి వస్తుందన్న భయం కంటే పక్కింట్లో కొత్తరకం మొగ్గ తొడిగిందన్న భయమే అక్కడ ఎక్కువ.

ఆ మిట్టకి తోటపెద్ద నక్క నాగభూషణం. చలికాలం చివర్లో పూలపండగ చేస్తారు. ఆ రోజు ఎవరి గులాబీ అందరికంటే అరుదైనదని తేలితే వాళ్లే ఏడాది పొడుగునా తోటపెద్ద. ఏటిగట్టు మీద బల్లపరుపు రాయి ఒకటుంది, అది తోటపెద్దకే. మిగతావాళ్లంతా కింద మట్టిలో కూర్చోవాలి. నాగభూషణం ఆ రాయి ఎక్కి చాలా ఏళ్లయింది, ఇంతవరకూ దిగలేదు. దిగితే తనూ అందరిలాంటి నక్కేనని అతనికి బాగా తెలుసు.

అతని తోటలో లేని రకం లేదు. నల్లగా కనిపించేంత ముదురు ఎరుపుది, తెలుపు మీద ఎర్రచారలది, ఉదారంగుది, మొగ్గ నిండా నాచు పట్టినట్టు నూగుండేది, అన్నీ ఉన్నాయి. వాటి మొదళ్లలో రోజూ గుడ్డుపెంకులు నలిపి వేసేవాడు. గుడ్లు ఎక్కడివని ఏ కోడీ అడగలేదు. అడిగే కోడి ఆ వీధిలో మిగల్లేదు.

అలాంటివాడి గుమ్మం ముందు ఒక ఉదయం గోరింక చిట్టెమ్మ వాలింది.

"బాబాయ్, విన్నావా? మీ పక్కింటి గేదె బుచ్చెమ్మ పిన్ని ఆకుపచ్చ గులాబీ నాటింది."

"ఆకుపచ్చగా ఉండేవి ఆకులే చిట్టెమ్మా. వాటికోసం ఇంత దూరం ఎగరాలా?"

"ఆకులు కాదు, పువ్వే! రేకులన్నీ ఆకుపచ్చేనట. అంట్లతోట తాబేలు కూర్మయ్య తాత లేడూ, ఆయన ఒకే ఒక్క అంటు కట్టి పిన్నికిచ్చాడు."

నాగభూషణం చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఒకే ఒక్కటుంటే నాకు కదా ఇవ్వాలి?"

"నేనూ అదే అన్నా. 'నాగభూషణానికిస్తే తనే సృష్టించానంటాడు, బుచ్చెమ్మయితే కూర్మయ్య ఇచ్చాడంటుంది' అన్నాడు తాత."

ఆ పూట నాగభూషణానికి గుడ్డు సహించలేదు. కంచె మీంచి తొంగిచూశాడు. నల్లటి కొండలాంటి బుచ్చెమ్మ, ఆవిడ ముందు జానెడు మొక్క.

"దీనికా! నెమరేస్తూ నిద్రపోయేదానికా!" అన్నాడు లోపలికొచ్చి భార్యతో. "ఎరువు కోసం వెతుక్కునే పనైనా లేదు, తనే ఎరువు. పాలిస్తుందని మిట్టంతా మంచిపేరు. ఇప్పుడు ఆకుపచ్చ గులాబీ కూడానా?"

"మనకిన్ని ఉన్నాయి కదండీ," అంది భార్య సీతారత్నం.

"ఉన్నాయి. లేనిది మాత్రం పక్కింట్లో ఉంది."

వానలు మొదలయ్యాయి. ఏరు పొంగి కూర్మయ్య అవతలి గట్టునే ఉండిపోయాడు. అప్పుడొకరోజు బుచ్చెమ్మ కంచె దగ్గరికి వచ్చి పిలిచింది.

"తమ్ముడూ, చిన్న సాయం కావాలి. నా గులాబీ మొదట్లో కాస్త తవ్విపెట్టాలి. నా గిట్ట పెడితే మొక్కే చితికిపోతుంది. సన్నగా తవ్వడం ఈ మిట్ట మీద నీకొక్కడికే వచ్చు."

"అయ్యో అక్కా, నడుం పట్టేసింది."

"పోనీ, రేపు చూడు. ఏం తవ్వాలంటే..."

"రేపు కూడా పట్టేస్తుందక్కా."

బుచ్చెమ్మ అతని మొహంలోకి కాసేపు చూసింది. నెమరేసుకుంటూ వెళ్లిపోయింది.

ఆ తర్వాత నాగభూషణానికి రోజూ కంచె దగ్గరే కాలక్షేపం. ఆకుపచ్చ గులాబీ పైకొమ్మ వాడుతోంది. ఆకులు పసుపెక్కి ఒక్కొక్కటే రాలుతున్నాయి. "సీతా, ఇంకో ఆకు రాలింది! ఇవాళ ఒక గుడ్డు ఎక్కువ ఉడకెయ్యి," అనేవాడు. ఆ వారంలో అతను కాస్త ఒళ్లు చేశాడు కూడా.

కానీ ఒకనాడు చూసేసరికి నోట్లో గుడ్డు నోట్లోనే ఉండిపోయింది. అదే మొక్క మొదట్లోంచి, రాలే ఆకుల ధ్యాసలో అతను గమనించని కొత్తకొమ్మ ఒకటి దూసుకొచ్చింది. వేలెడు లావు, నిగనిగలాడే ఆకులు, అప్పుడే కంచెంత ఎత్తు. బుచ్చెమ్మ దాని చుట్టూ తుమ్మముళ్లు నాటింది. దిష్టి తగలకుండా మనుషులు పారేసిన పాతచెప్పు ఒకటి తెచ్చి వేలాడగట్టింది. పైగా చిట్టెమ్మని పిలిచి చూపిస్తోంది.

"ఎలా లేచిందో చూశావుటే! పాతకొమ్మ పోతే పోనీ, చిట్టెమ్మా, కంటికి కనపడేదంతా ఇదే కదా! ఎవరితోనూ అనకేం."

"నేనా పిన్నీ? నేనెవరితో అంటాను?" అని చిట్టెమ్మ నేరుగా వచ్చి నాగభూషణం కంచె మీద వాలింది.

"అబ్బ, ఈ ఉక్క!" అంది బుచ్చెమ్మ, అవతలి గట్టుకి కూడా వినపడేలా. "రేపు మధ్యాహ్నం ఏట్లో దిగానంటే పొద్దు వాలేదాకా లేవను."

మర్నాడు మధ్యాహ్నం నాగభూషణం గోళ్లు నూరుకుంటుంటే సీతారత్నం అడిగింది. "మీ నడుమో?"

"సర్దుకుంది."

ఆ పని అతను ఎంత శ్రద్ధగా చేశాడో చూసి తీరాలి. ముళ్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. మట్టిని గోటికొసలతో గీరుతూ కొమ్మ పుట్టిన వేరు దాకా వెళ్లాడు. పక్కవేళ్లు తెగకుండా, చిన్న కణుపు కూడా మిగలకుండా, వేరు ముక్కతో సహా మొదలంటా ఒలిచి తీశాడు. సొంత మొక్కలకి కూడా అంత సున్నితంగా ఎప్పుడూ చెయ్యలేదు. ఆనవాలు తెలియకూడదని మట్టి కప్పి, అదిమి, నీళ్లు కూడా పోశాడు. వాడిన పైకొమ్మని మాత్రం వదిలేశాడు. ఏడవడానికి ఆవిడకేదో ఒకటి ఉండాలి కదా అనుకున్నాడు.

పొద్దు వాలాక పక్కింట్లోంచి రంకె వినిపించింది. "అయ్యో, నా కొమ్మ! ఎవరో ఎత్తుకుపోయారు!"

నాగభూషణం పరుగెత్తుకెళ్లాడు. "అయ్యయ్యో, ఎంత పని జరిగిందక్కా! ఎవడో పాపిష్టివాడు!"

"పోనీలే తమ్ముడూ. తీసినవాడి గోళ్లు చల్లగా ఉండాలి."

"ఇంత మంచితనం పనికిరాదక్కా," అని అతను ఇంటికొచ్చి మూతికి తోక అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు.

కొమ్మ నక్క పెరట్లో రెచ్చిపోయి పెరిగింది. వాన తగ్గి చలి మొదలయ్యేసరికి పొదైంది. గుడ్డుపెంకులన్నీ దానికే. చారలదీ ఉదారంగుదీ ఎండుతున్నా అతను పట్టించుకోలేదు. కంచె మీంచి పక్కింట్లోకి తొంగిచూడటం కూడా మానేశాడు. ఒకరోజు సీతారత్నం రెమ్మ పట్టుకుని తిప్పి చూసింది.

"ఏమండీ, ఆవిడ మొక్కకి రెమ్మకి ఐదేసి ఆకులే ఉన్నాయి. దీనికి ఏడున్నాయేంటి?"

"అదే మరి! ఐదుంటేనే అరుదైనదంటే, ఏడుంటే ఇంకెంత అరుదైనదో ఆలోచించు."

"మన తోటలో మొక్క మొదట్లోంచి ఇలాంటి కొమ్మ లేస్తే మీరు వెంటనే పీకి పారేస్తారు కదా?"

"మన తోటలో లేస్తే పీకేవాణ్ణే. ఇది బుచ్చెమ్మ తోటలోది."

సీతారత్నం రెమ్మ వదిలేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

గుత్తులుగుత్తులుగా మొగ్గలు వచ్చాయి. గోరంతవి, ఆకుపచ్చవి. ఏ గులాబీకైనా మొగ్గ మొదట ఆకుపచ్చగానే ఉంటుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ నాగభూషణానికి ఆ ఆకుపచ్చలో బల్లపరుపు రాయి కనిపించింది. ఇంకెవరూ చూడకూడదని పొదంతా మోదుగాకులతో కప్పేశాడు. పండగ రోజుదాకా తనూ తీసి చూడలేదు.

పండగ రోజు మిట్టంతా అతని పెరట్లోనే. ఏరు తగ్గడంతో కూర్మయ్య కూడా వచ్చి ముందు నిలబడ్డాడు. ఆ వెనక బుచ్చెమ్మ, గాడిద వీరాస్వామి, చూరు మీద చిట్టెమ్మ.

"కొండల అవతల మా మేనమామ ఉన్నాడు," అని మొదలుపెట్టాడు నాగభూషణం. "ఆయన నాకోసం ప్రత్యేకంగా పంపిన మొక్క ఇది. ఇలాంటిది ఇంకొకటి ఉందని ఎవరైనా అంటే నమ్మకండి." అలా అని బుచ్చెమ్మ వైపు ఒక చూపు విసిరి, మోదుగాకుల తెర లాగేశాడు.

పొద నిండా పూలున్నాయి. గోరంత పూలు. ఒంటిరేకువి. అన్నీ తెల్లవే.

వీరాస్వామి మెడ చాచి వాసన చూశాడు.

"ఓరి నీ! ఇది మా దొడ్డికంచె మీది పువ్వే కదరా! నేను రోజూ వీపు గోక్కునేది దీనికే!"

చూరు మీంచి చిట్టెమ్మ నవ్వుతూ కిందపడింది. దాంతో అందరూ అందుకున్నారు.

"ఉండండర్రా," అన్నాడు కూర్మయ్య. "ఇది అడవి ముళ్లగులాబీ. దాని వేరు గట్టిది, అందుకే అరుదైన గులాబీలని దాని మీద అంటు కడతాం. ఒక్కోసారి అంటు కిందనుంచి ఆ వేరు తన సొంతకొమ్మని లేపుతుంది. అది పైమొక్క తిండంతా లాగేసుకుంటుంది. ఊరికే కోస్తే మళ్లీ వస్తుంది. తవ్వి వేరు దగ్గర ఒలిచెయ్యాలి. తోటపెద్దవి, నీకు తెలియనిదేముంది నాగభూషణం? ఇంతకీ దీన్ని ఎక్కడినుంచి తెచ్చానన్నావు?"

నాగభూషణం నోరు తెరిచాడు. బుచ్చెమ్మ నన్ను మోసం చేసిందని అరవాలనుంది. అరిస్తే ఎప్పుడు, ఎలా అని అడుగుతారు. నోరు మూసుకుని, మళ్లీ తెరిచాడు. "మా... మా మేనమామ పంపాడు."

"మీ మేనమామకి నీమీద ఇంత కోపమెందుకురా?" అన్నాడు వీరాస్వామి జాలిగా.

అక్కణ్ణుంచి అందరూ పక్కింటికి నడిచారు. వాడిపోయిన పైకొమ్మ ఎప్పుడో తేరుకుంది. కొమ్మ కొమ్మకీ పూలు. రేకులు రేకులుగా విచ్చుకుని, నిండా ఆకుపచ్చగా, అంచుల్లో కాస్త రాగిరంగు తిరిగి ఉన్నాయి. కూర్మయ్యకి కళ్లు చెమర్చాయి.

"పువ్వేదీ? నాకన్నీ ఆకుల్లాగే ఉన్నాయి," అన్నాడు వీరాస్వామి. నిజం చెప్పాలంటే నేనైనా అదే అనేవాణ్ణి. కానీ అరుదైనదా కాదా అన్నదే ప్రశ్న కాబట్టి బల్లపరుపు రాయి బుచ్చెమ్మదైంది. ఆవిడ ఎక్కితే రాయి పగులుతుందేమోనని దానికి ఆనుకుని కూర్చుంది. నాగభూషణం ఎదురుగా మట్టిలో కూర్చున్నాడు. మట్టి చల్లగా ఉంటుందన్న సంగతే ఇన్నేళ్లలో అతను మర్చిపోయాడు.

జనం పలచబడ్డాక బుచ్చెమ్మ మెల్లిగా అంది.

"సాయం అడిగినప్పుడు ఏం తవ్వాలో విననైనా లేదు తమ్ముడూ నువ్వు. వింటే, అప్పుడే మొలకెత్తుతున్న ఆ కొమ్మ సంగతి చెప్పేదాన్ని. తవ్విపెడితే కూర్మయ్య తాత చేత నీకూ ఒక ఆకుపచ్చ అంటు కట్టించి ఇద్దామనే అనుకున్నా."

నాగభూషణం గోళ్లలో మట్టి గీక్కోసాగాడు.

"అడవి వేరు కదా, వచ్చే వానల్లో ఇంకెక్కడినుంచైనా మళ్లీ లేస్తుంది," అని బుచ్చెమ్మ తీరిగ్గా నెమరు మొదలుపెట్టింది. "ముందే చెబుతున్నా. మధ్యాహ్నం పూట నేను ఏట్లో ఉంటాను."

పక్కింటి మొక్క చూసి కడుపు మండించుకునేవాడు ఆ ఇంటికి జీతం లేని తోటమాలి.