అడిగేవాడు

వైనతేయ పరిశోధన చివరికొచ్చేసరికి మా ఐసీయూలో దయ్యం పుట్టింది.

దయ్యమన్నానని నవ్వకండి. గుండె ఆపరేషన్లయిన వాళ్ళని ఉంచే ఆ గదిలో నేను హెడ్ సిస్టర్‌గా చాలా ఏళ్ళు చేశాను. నవ్వాల్సినవన్నీ అక్కడే నవ్వేశాను. దీనికి మాత్రం నాకు నవ్వు రాలేదు.

వైనతేయ అమలాపురం కుర్రాడు. మంచి డాక్టరు. తను మంచి డాక్టరని అతనికి కూడా బాగా తెలుసు, అదొక్కటే చిక్కు. గుండె ఆపరేషనయ్యాక కొందరికి మెలకువ వస్తుంది గానీ మతి సరిగా రాదు. లేనివి కనబడతాయి, గొట్టాలు పీకేసుకుంటారు. రెండు రకాల నిద్రమందుల్లో ఏది ఇస్తే ఆ బాధ తగ్గుతుందో తేల్చాలని అతని పరిశోధన.

అందుకని పూటపూటకీ ప్రతి మంచం దగ్గరికీ వెళ్ళి అవే ప్రశ్నలు వేసేవాడు. మీ పేరేమిటి? రాయి నీటి మీద తేలుతుందా? సముద్రంలో చేపలుంటాయా? నోట్లో గొట్టం ఉన్నవాళ్ళు అవునంటే చెయ్యి నొక్కాలి. జవాబులు తప్పితే మతి ఇంకా కుదుటపడలేదని అర్థం, వాళ్ళని వార్డుకి పంపరు.

ఇళ్ళకెళ్ళిపోయినవాళ్ళు మళ్ళీ చూపించుకోడానికి వచ్చినప్పుడు, ఐసీయూలో ఉన్నన్నాళ్ళూ ఏం గుర్తుందని అడిగేవాడు. అక్కడ మొదలైంది.

పాయకరావుపేట టైలరొకాయన, మాడుగుల నుంచి ఒక టీచరమ్మ, ఇంకా ఎవరెవరో. ఒకరి మొహం ఒకరెరగరు. అందరూ ఒకటే చెప్పారు. తెర వెనక నుంచి ఒకడు వస్తాడు. వాడికి నోరుండదు. కళ్ళుంటాయి గానీ మనల్ని చూడవు, మన తల మీదుగా ఎటో చూస్తాయి. రాయి తేలుతుందా అని అడుగుతాడు. తప్పు చెబితే మనల్ని అక్కడే ఉంచేసుకుంటాడు.

టీచరమ్మ ఈ మాట చెబుతూ వైనతేయ చెయ్యి గట్టిగా పట్టుకుంది. మీలాంటి చల్లని మొహం ఒక్కటి అక్కడ కనబడినా బతికిపోదును బాబూ అంది.

అతనికి మాత్రం పండగే. ఇంతమందికి ఒకే భ్రమ కలగడం ఎవరూ ఎక్కడా రాయలేదు సిస్టర్ అని ఉబ్బిపోయాడు. ఈ లోపల బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళు ఆ వచ్చేవాడికి 'అడిగేవాడు' అని పేరు కూడా పెట్టేశారు.

ఆ పేరు వెళ్ళి వెళ్ళి ఎర్రమ్మ చెవిన పడింది.

ఎర్రమ్మది భీమిలి దగ్గర ఒక చేపల పల్లె. గుండెలో కవాటం మూసుకుపోతోంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక, కూర్చునే కునుకు తీసేది. ఆపరేషన్ లేకుండా ఇంటికెళితే ఈ వానాకాలం దాటదని పెద్ద డాక్టర్లందరూ అనేశారు. రేపు ఆపరేషన్ అనగా, నేనుండను పొమ్మంది. చావు గురించి ఆవిడకి బెంగ లేదు. సముద్రం మీద బతికిన మనిషి. నోరు లేనివాడు వచ్చి అడిగితే, తను జవాబు చెప్పలేకపోతే, చచ్చాక కూడా వాడి దగ్గరే ఉండిపోవాలేమోనని ఆవిడ భయం. అదంతా మందు వల్ల కలిగే భ్రమేనని వైనతేయ ఎంతో నచ్చజెప్పాడు. ఆవిడ బట్టలు మూట కట్టుకుంది.

అప్పుడతను గౌస్ మొహియుద్దీన్ సారు దగ్గరికి వెళ్ళాడు. సారు మా ఐసీయూకి పెద్ద దిక్కు, వైనతేయకి గురువు. కడప మనిషి. మాట్లాడితే ఏమైనా అరిగిపోతుందేమో అన్నట్టుండేవారు.

"ప్రశ్న నాదే సార్. నిద్రమత్తులో వాళ్ళ చెవిన పడుతోంది. అడిగే మనిషిని మాత్రం మందు పుట్టిస్తోంది" అన్నాడు వైనతేయ.

"ఏ మందు?"

"రెండూ."

"మందు తీసుకోనివాళ్ళకో?"

"మందు లేకుండా అక్కడెవరు పడుకుంటారు సార్?"

"ఒక మంచం ఖాళీగా ఉంది" అన్నారు సారు.

వైనతేయ నవ్వాడు. సారు నవ్వలేదు. దాంతో చొక్కా విప్పక తప్పలేదు.

నిద్రమందు తప్ప అంతా నేనే అమర్చాను. ఛాతీకి వైర్లు అంటించాను. మాట రాకుండా పళ్ళ మధ్య గొట్టం ముక్క పెట్టి టేపు వేశాను. రోగులు గొట్టాలు లాగేసుకోకుండా కట్టే గుడ్డ పట్టీలతోనే చేతులు మంచానికి కట్టాను. తల వెనక మానిటర్ వెలిగించి, తెర లాగేశాను. ఎవరినీ దగ్గరికి పోనివ్వద్దని సారు చెప్పారు. తెర ముందు స్టూలు వేసుకుని ఆయన కూర్చున్నారు. ఆయనకి ఎదురుగా నేను.

బయట మధ్యాహ్నపుటెండ. లోపల ఆ సంగతి తెలియదు, ఆ గదికి కిటికీలు లేవు. లైట్లు ఎప్పుడూ ఒకేలా వెలుగుతాయి. మొదట్లో మానిటర్ శబ్దం నిదానంగానే వినబడింది. ఇతగాడు హాయిగా నిద్రపోతున్నాడనుకున్నాను. చాలాసేపు అలాగే గడిచింది.

తర్వాత ఆ శబ్దం వేగం పెరిగింది. పట్టీలు బిగుసుకుని మంచం కిర్రుమంది. నేను లేవబోతే సారు చెయ్యెత్తి ఆపారు. కాసేపటికి తగ్గింది. మళ్ళీ పెరిగింది. ఈసారి అలారం మోగింది. ఇక చాలన్నారు సారు.

తెర తీసేసరికి చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. గొట్టం తీయగానే అతనన్న మొదటి మాట నాకింకా చెవుల్లో ఉంది.

"నేను చెయ్యి నొక్కాను కదా సార్. మళ్ళీ మళ్ళీ ఎందుకడిగారు?"

సారు నా వైపు చూశారు. సారు స్టూలు మీంచి లేవలేదని, తెర కదలలేదని, నేనూ ఇక్కడే ఉన్నానని చెప్పాను.

వైనతేయ తెర వంకే చూస్తూ చెప్పాడు. వచ్చినవాడు మాస్కుతో ఉన్నాడట. వెలుగుకి అడ్డంగా నిలబడ్డాడట. చల్లని చేత్తో తన చెయ్యి పట్టుకున్నాడట.

"కళ్ళు?" అన్నారు సారు.

"నన్ను చూడలేదు సార్. నా తల మీదుగా..." అంటూ తల వెనక్కి తిప్పాడు. అక్కడ మానిటర్ మీద అతని గుండె అంకెలు ఇంకా పరిగెడుతున్నాయి.

"తెలిసిన కళ్ళేనా?"

వైనతేయ ఆ అంకెల్నే చూస్తున్నాడు, రోజూ ప్రశ్నలడిగేటప్పుడు చూసినట్టే. పట్టీలు విప్పి మంచినీళ్ళు తెచ్చాను. పాపం అనిపించింది, గ్లాసు నేనే పట్టుకుని తాగించాను.

చొక్కా వేసుకుని తిన్నగా వార్డుకి వెళ్ళాడు. ఏమవుతుందోనని నేనూ వెనకాలే వెళ్ళాను. ఎర్రమ్మ తమ్ముడు ఆటో కోసం బయటికెళ్ళాడు, ఆవిడ మూట ఒళ్ళో పెట్టుకుని ఆయాసపడుతోంది. వైనతేయ ఆవిడ మంచం పక్కన కింద గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, ఆ అడిగేవాడు నేనే" అన్నాడు.

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వేటి? నీకు నోరుంది గదా."

అతను లేచి నిలబడి, జేబులోంచి మాస్కు తీసి కట్టుకున్నాడు. ఆవిడ తల మీదుగా గోడ వైపు చూశాడు. ఎర్రమ్మ మూటతో సహా వెనక్కి జరిగింది. అతను గబుక్కున మాస్కు లాగేసి మళ్ళీ కింద కూర్చున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు నేను చూశాను.

ఆవిడ చాలాసేపు ఆ మొహాన్నే చూసింది. తర్వాత చెయ్యి చాపి, కూరల బజార్లో కాయ గట్టిదా కాదా అని చూసినట్టు, అతని గడ్డం పట్టుకుని చూసింది.

"అందర్నీ పేరడుగుతావంట, నీది చెప్పవంట. నీ పేరేటి?"

"వైనతేయ."

"నాకు నోరు తిరగదు. ఇంటికాడ ఏటంటారు?"

"చంటి."

"అయితే రేపు ఆడొచ్చి నిలబడితే, చంటీ అని పిలుస్తాను. పలకాల మరి."

"పలుకుతానమ్మా."

ఎర్రమ్మ మూట తీసి మంచం కింద పెట్టింది. తమ్ముడు ఆటో తెచ్చి, ఆటోవాడి చేత తిట్లు తిని, దాన్ని వెనక్కి పంపేశాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆవిడకి మెలకువ వచ్చేసరికి నోట్లో గొట్టం ఉంది, పిలిచే వీలు లేదు. కళ్ళు మాత్రం తెర మీదే ఉన్నాయి, భయంతో ఇంతింతయి. వైనతేయ వచ్చి మంచానికి కాస్త ఎడంగా నిలబడి మాస్కు కిందికి దించాడు. మానిటర్ వైపు చూడలేదు. "అమ్మా, నేను చంటిని" అన్నాడు. ఆవిడ గుండె అంకెలు నెమ్మదించడం నేను చూశాను. ప్రశ్నలేమైనా ఆ తర్వాతే అడిగాడు.

పరిశోధన గురించి రాసేటప్పుడు ఆ భ్రమ మందు వల్లేనని మాత్రం అతను రాయలేదు. ప్రశ్నలడిగిన తీరుని కూడా రోగులకి ఇచ్చిన మందుల్లో ఒకటిగా లెక్కపెట్టాలని రాశాడట.

కానీ ఒక సంగతి అతన్ని వదల్లేదు. ఎర్రమ్మని వార్డుకి పంపిన రోజున, సారు చేతులు కడుక్కుంటుంటే పక్కన వచ్చి నిలబడ్డాడు. నేను తువ్వాలు పట్టుకుని ఉన్నాను.

"మిగతావాళ్ళ దగ్గరికి వెళ్ళింది నేనే సార్, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు నేను మంచం మీద ఉన్నాను కదా. మరి తెర లోపలికి వచ్చిందెవరు?"

సారు కుళాయి కట్టేశారు.

"పేరు చెప్పాడా?"

"లేదు సార్."

"అయితే నువ్వే" అన్నారు సారు.