అరుగు మీద ముంతలు

రాజులు పల్లకీల్లో తిరిగే రోజుల్లో భావనాచార్యులనే ఆస్థాన వైద్యుడు ఉండేవాడు. రోగుల ఇళ్ల నుంచి పొద్దున్నే మట్టిముంతల్లో మూత్రం వచ్చేది. ఏ గుర్తూ లేని ఆ ముంతల్ని ఆయన అరుగు మీద వరసగా పెట్టేవాళ్లు. ఆయన తీరిగ్గా లేచి, ఒక్కోదాంట్లో నూనెచుక్క వేసి చూసి, రోగం తేల్చేవాడు.

ఓసారి పల్లకీబోయీ అప్పలస్వామికి జ్వరమొస్తే, "మధుమేహం ముదిరింది, గంజి కూడా పోయొద్దు" అన్నాడు. అదే రోజు, మూత్రానికి చీమలు పట్టే షావుకారుని బెల్లం పానకం తాగమన్నాడు. ఇద్దరూ మంచం పట్టారు.

అప్పలస్వామి భార్య నూకాలు సభకెళ్లి మొరపెట్టుకుంది. "దొరా, ముంతలు తారుమారయ్యాయి."

వైద్యుడు మండిపడ్డాడు. "నా అరుగు మీద తారుమారా? అది ఎన్నటికీ జరగదు!"

అప్పుడే రాజుగారి మూత్రం పరీక్షకని వెండిచెంబులో వచ్చింది. నూకాలు కొంగుచాటు నుంచి మట్టిముంత తీసింది. "అయితే దొరగారిది ఇందులో పోసి, మా ముంతల మధ్యే పెడదాం అయ్యగారూ."

వైద్యుడు గబుక్కున చెంబుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దొద్దు! మారిపోతే ప్రభువుల ప్రాణాల మీదికొస్తుంది!"

అనేశాక నాలిక కరుచుకున్నాడు.

రాజుగారు పకపకా నవ్వారు. ఇకనుంచి రోగి గుమ్మంలోనే, రోగి కళ్లముందే, ముంతకి పేరు రాసిన తాటాకుముక్క కట్టాలన్నారు. కట్టాల్సింది ఆచార్యులవారే.

మర్నాడు పొద్దున్నే ఆయన తాటాకుముక్కతో నూకాలు గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ లోపలికి కేకేసింది.

"ఏమయ్యా, నువ్వు నింపాదిగా లే. అయ్యగారు ఆగుతారు."