నీలం అంచు గిన్నె

వరాలమ్మ టీచరుగారిని ప్రశ్న అడిగినవాళ్లకి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి చెప్పి గొంతు అరిగిందో ఏమో, రిటైరయ్యాక ఆవిడ వివరించడమన్నదే మానేశారు. ఓర్పు అంటే ఏమిటండీ అని ఓ పెద్దమనిషి అడిగితే, ఆయన ముందు చేటెడు చింతపండు పెట్టి గింజలు తీయమన్నారట. ఆయన మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. హైదరాబాదు శివార్లలో, ఒకప్పుడు బియ్యం గోదాముగా ఉన్న రేకుల షెడ్డులో, దేశం విడిచి వచ్చినవాళ్ల కోసం ఆవిడ ఒక ఆశ్రయ కేంద్రం నడుపుతున్నారు. అక్కడ నిలదొక్కుకున్న శిష్యురాలు వాసంతి ఒక్కతే. నాలుగేళ్లుగా ఉంది. కాగితాలు నింపడం, పిల్లల్ని బళ్లో చేర్పించడం, జ్వరమొచ్చినవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లడం, అన్నీ ఆమే. పొద్దున వచ్చిందంటే నీళ్లు తాగడానికి కూడా కూర్చోదు.

ఆ వాసంతి ఒక బుధవారం మధ్యాహ్నం ప్రశ్న అడిగింది. మర్జియా గురించి. మర్జియాది ఆఫ్ఘనిస్తాన్, యాభై దాటిన మనిషి. భర్తకు గుండె ఆపరేషన్ చేయించడానికి రెండు పెట్టెలతో ఈ ఊరు వచ్చింది. ఆపరేషనైన తొమ్మిదో రోజున ఆయన పోయాడు. ఈలోగా అక్కడ రోజులు మారిపోయాయి. ఆడపిల్లలకు చదువు చెప్పిన మనిషివి, రావద్దు, వస్తే బతకనివ్వరని ఇరుగుపొరుగువాళ్లు కబురు పెట్టారు. భర్త సమాధి ఇక్కడ, ఇల్లు అక్కడ. కేంద్రానికి వచ్చేవాళ్లలో చాలామంది బర్మా నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు వాళ్ల భాష ఉంది, తగువులాడుకోవడానికి ఒకళ్లకొకళ్లున్నారు. మర్జియా భాష మాట్లాడే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేరు. ఆసుపత్రి వరండాల్లో నేర్చుకున్న ఉర్దూతో నెట్టుకొస్తోంది. అటువంటిది సోమవారం వచ్చి, నేను మా ఊరు వెళ్లిపోతాను, కాగితం పెట్టించండి అంది. శుక్రవారం శరణార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసరు వస్తాడు. ఆయన ముందు సంతకం పెట్టిందంటే ఇక ప్రయాణమే.

"గది ఇచ్చాం. బియ్యం, పప్పు ఇస్తున్నాం. దుప్పట్లిచ్చాం, కుట్టుమిషను ఇచ్చాం. ఇంకేమిస్తే ఆవిడ ఆగుతుంది టీచరుగారూ? వెళ్తే చంపేస్తారండీ," అంది వాసంతి. ఆమెకు ఏడుపు ఒక్కటే తక్కువ.

వరాలమ్మగారు చిక్కుడుకాయలు తుంచుతున్నారు. తలెత్తలేదు.

"ఇవాళ పెరుగంతా వడ్డించేశాను. సాయంత్రం పాలల్లో వేయడానికి చుక్క కూడా మిగల్లేదు. మర్జియా గదికెళ్లి కాస్త అడిగి పట్రా," అన్నారు.

"కొట్లో ప్యాకెట్ తెస్తానండీ."

"ప్యాకెట్ పెరుగు నాకు పడదు."

వాసంతి కాళ్లు కదల్లేదు. దానికి కారణం గోడ మీదే ఉంది. ఆమె రాకముందు నుంచీ ఇక్కడ పనిచేస్తున్న ఒకతను, కాగితాలు ముందుకు జరపాలంటే కోడిపిల్లో చీరముక్కో పుచ్చుకునేవాడు. వాసంతి వచ్చిన నెలలోనే అతన్ని పంపించేసి, గుమ్మం పక్క గోడకు బోర్డు పెట్టించింది. 'ఇక్కడికి వచ్చేవారి నుంచి ఏ వస్తువూ తీసుకోబడదు' అని మూడు భాషల్లో. నాలుగేళ్లలో ఆమె ఎవరి దగ్గరా ఒక అరటిపండు కూడా ముట్టలేదు. ఆ బోర్డు చూస్తే ఆమెకు కడుపు నిండినట్టుండేది. అలాంటిది, దిక్కులేని మనిషి గుమ్మంలోకి వెళ్లి చెయ్యి చాపాలా? టీచరుగారికి వయసు మీద పడుతోందనుకుంటూ, వెనక సందులోకి నడిచింది.

మర్జియా గదిలో రెండు పెట్టెలూ తాళాలు వేసి, ప్లాట్‌ఫారం మీదలాగా తలుపు పక్కనే నిలబెట్టి ఉన్నాయి. వచ్చి ఏడు నెలలైనా ఆమె వాటిని మంచం కిందికి తొయ్యలేదు. గూట్లో రెండు టీ గ్లాసులు బోర్లించి ఉన్నాయి. ఒకదాని మీద దుమ్ము పట్టింది. వాసంతి నసుగుతూ విషయం చెప్పింది.

మర్జియా మంచం మీంచి లేచి ఎదురుగా వచ్చింది.

"నా దగ్గర తీసుకోవడానికి వచ్చావా బేటీ? మరి మీ బోర్డు?"

"టీచరుగారే అడిగి రమ్మన్నారు."

"నలభయ్యో రోజున నేను హల్వా తెచ్చాను. గుర్తుందా?"

వాసంతికి లీలగా గుర్తుంది. ఏదో పళ్లెం, మీద జేబురుమాలు. రద్దీగా ఉన్న రోజు. తను చేతులు జోడించి, నవ్వుతూ, బోర్డు చూపించింది.

"ఎంత మర్యాదగా దండం పెట్టావో!" అంది మర్జియా. ఆ గొంతులో కోపం లేదు, అందుకే వినడం కష్టమైంది. "మాలో, పోయినవాళ్ల పేరు మీద నలభయ్యో రోజున నలుగురి నోరు తీపి చెయ్యాలి. ఆయన పేరు చెప్పి తినే నోరు ఈ ఊళ్లో నాకు ఒక్కటీ దొరకలేదు."

"మరి ఏం చేశారమ్మా ఆ హల్వా?"

"నేనే తిన్నాను. రెండు రోజులు పట్టింది."

వాసంతి సిగ్గుతో చచ్చిపోయిందంటే మాటవరసకు అన్నది కాదు. నాలుగేళ్లుగా తను పొగరుగా మోస్తున్నదంతా ఆ గదిలో దించేసినట్టయి, నిలబడ్డచోటే నిలబడిపోయింది. మర్జియా కిటికీ దగ్గరికెళ్లి, పాత శాలువా చుట్టిపెట్టిన కుండ విప్పింది. చుక్క అడిగితే గిన్నెడు వేసింది. నీలం అంచున్న ఎనామిల్ గిన్నె. అంచు మీద రెండు చోట్ల పెచ్చు లేచింది.

"గిన్నె జాగ్రత్త. ఆసుపత్రిలో ఆయనకు ఇందులోనే గంజి తాగించాను. ఇది లేకుండా నేను ఎక్కడికీ పోను," అంది.

తిరిగి రాగానే వాసంతి స్టూలు వేసుకుని బోర్డు దించబోయింది. "అది తరవాత. ముందు పాలు కాచు," అన్నారు వరాలమ్మగారు. అంతకుమించి ఏమీ అడగలేదు. ఏం జరిగిందో ఆవిడకు తెలుసో లేదో కూడా వాసంతికి అంతుపట్టలేదు. గురువారం గిన్నె కడిగి ఇచ్చి వద్దామని వెతికితే, "ఉండనీ, తొందరేమొచ్చింది?" అన్నారు. వాసంతికి ఆ పూట టీచరుగారి మీద బాగా కోపం వచ్చింది. మర్నాడే శుక్రవారం. ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుంటే ఈవిడకు పాలూ పెరుగూ తప్ప ఏమీ పట్టదా అని రోజంతా కుమిలింది.

శుక్రవారం పదకొండు గంటలకు ఆఫీసరు వచ్చి, కాగితం బల్ల మీద పరిచి, పెన్ను పక్కన పెట్టి కూర్చున్నాడు. మంచివాడే, కాకపోతే ఇంకా మూడు చోట్లకు వెళ్లాలి. మర్జియా రెండు చేతుల్లో రెండు పెట్టెలతో వచ్చింది. బూడిదరంగు కోటు మెడదాకా బొత్తాలు పెట్టుకుంది. ఆమెను సాగనంపడానికి ఎవరూ రాలేదు. రావడానికి ఎవరున్నారు కనుక?

"సంతకం పెడతాను. ముందు నా గిన్నె ఇవ్వండి," అంది.

వాసంతి వంటింట్లోకి పరిగెత్తింది. మర్జియా పెట్టెలు అక్కడే వదిలి వెనకే వచ్చింది. లోపల వరాలమ్మగారు చిక్కుడుకాయలు తుంచుతున్నారు. పొయ్యి పక్కన మూలగా, గిన్నె మీద పళ్లెం మూసి, వరాలమ్మగారి ఉన్ని శాలువా చుట్టి ఉంది. అచ్చం మర్జియా కిటికీలో కుండకు చుట్టినట్టే. టీచరుగారు ఆ పొద్దున్నే అందులో పాలు పోసి, అంతకుముందు దాచిన పెరుగులోంచి చుక్క వేశారు. జనవరి చలి. ఆ పాలు పెరుగవడానికి సాయంత్రం దాకా పట్టేట్టుంది.

మర్జియా వంగి, శాలువా పక్కకు తీసి, గిన్నెకు వేళ్లు ఆనించి చూసింది. మొహం చిట్లించింది.

"పాలు చల్లారిపోయాక వేశారు. ఇలాగైతే ఎప్పటికి గట్టిపడేను?" అని టీచరుగారి మీద గట్టిగానే విసుక్కుంది. ఆ కేంద్రంలో ఆమె ఒకరి మీద విసుక్కోవడం అదే మొదలు. శాలువా మళ్లీ తనే, ఇంకో చుట్టు బిగించి కప్పింది. పీట లాక్కుని, కోటు విప్పకుండానే, గిన్నె పక్కన కూర్చుంది. ఒక చెయ్యి శాలువా మీదే ఉంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. వరాలమ్మగారు తన పని ఆపలేదు. చేటలోని చిక్కుడుకాయలు సగం ఆమె ముందుకు తోశారంతే. కొంతసేపటికి మర్జియా రెండో చేత్తో ఒక కాయ తీసుకుంది.

బయట నుంచి ఆఫీసరు గొంతు వినబడింది. "ఇంకా ఎంతసేపమ్మా? ఏమని రాసుకోను?"

వాసంతి గుమ్మంలో నిలబడి టీచరుగారి వంక చూసింది.

"ఇంకా తోడుకోలేదని చెప్పు," అన్నారు వరాలమ్మగారు. "ఇప్పుడు కదపకూడదు."